అచ్చు ఎవరిది?

మా స్నేహితుడి కొడుకు ఒకడున్నాడు. 19 ఏళ్ళ కుర్రాడు. ఇక్కడ ఇల్లినాయిలోనే పుట్టి పెరిగాడు. తెలుగు చెబితే అర్థమవుతుంది, తిరిగి మాట్లాడమంటే నవ్వి ఊరుకుంటాడు. పోయిన వేసవిలో వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతం అయ్యాక, అందరూ బేస్‌మెంట్‌లో భోజనాలు చేస్తుంటే పులిహోర ప్లేటు పట్టుకుని వచ్చి నా పక్కన చేరాడు.

"అంకుల్, మీరు ఒకప్పుడు టీషర్టు డిజైన్ల పోటీలో గెలిచారట కదా, డాడీ చెప్పారు. నేనూ ఒకటి పంపుదామనుకుంటున్నాను. కొత్తవాళ్ళకి మీ సలహా ఏమిటి?"

ఇంగ్లీషులోనే అడిగాడనుకోండి. నేను తెలుగు చేసి రాస్తున్నాను.

అమెరికాలో పాతికేళ్ళు ఉండి, సలహా అడిగితే ఇవ్వని తెలుగువాణ్ణి నేనింతవరకూ చూడలేదు. పైగా నన్నెవరూ ఏదీ అడక్క చాలా కాలమైంది. మా పిల్లలైతే నేను నోరు తెరవగానే చెవులకి తీగలు తగిలించుకుంటారు. కాబట్టి ప్లేటు పక్కన పెట్టి మొదలుపెట్టాను.

ఈ పోటీల సంగతి తెలియనివారికి రెండు మాటలు చెప్పాలి. 2000లో చికాగోలో జేక్ నికెల్, జేకబ్ డిహార్ట్ అనే ఇద్దరు కుర్రాళ్ళు వెయ్యి డాలర్ల పెట్టుబడితో థ్రెడ్‌లెస్ అని ఒక వ్యాపారం ప్రారంభించారు. ఎవరైనా సరే బొమ్మ గీసి పంపొచ్చు. ముక్కూ మొహం తెలియని జనం దానికి అప్పట్లో సున్నా నుంచి అయిదు దాకా మార్కులేసేవారు. బాగా మార్కులొచ్చిన వాటిలోంచి కొన్ని ఎంచి చొక్కాల మీద అచ్చు వేసి అమ్ముతారు, గీసినవాడికి డబ్బిస్తారు. ఏది అమ్ముడుపోతుందో కంపెనీ వాళ్ళకి ముందే తెలిసిపోతుందన్నమాట. ఇలా నలుగురి చేతా పని జరిపించుకునే పద్ధతికి 2006లో జెఫ్ హౌ అనే పత్రికా రచయిత 'క్రౌడ్‌సోర్సింగ్' అని పేరు పెట్టాడు. ఆ రోజుల్లో అలాంటివే చిన్నాచితకా చాలా పుట్టుకొచ్చాయి. నేను గెలిచింది అలాంటి ఒక చిన్నదాంట్లో. పేరెందుకు లెండి, అది మూతపడి చాలా ఏళ్ళయింది.

కుర్రాడికి ముందు చెప్పింది రంగుల గురించి. స్క్రీన్ ప్రింటింగులో ఒక్కో రంగుకి ఒక్కో స్క్రీను కావాలి. రంగు పెరిగితే ఖర్చు పెరుగుతుంది, ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోకపోయే ప్రమాదమూ పెరుగుతుంది. ముదురు రంగు బట్ట మీద వేయాలంటే కింద తెలుపు పరచాలి, అదొక స్క్రీను. అందుకని మూడు రంగుల్లో చెప్పగలిగింది మూడింట్లోనే చెప్పు, బట్ట రంగు కూడా నీ రంగుల్లో ఒకటే అనుకో, అన్నాను. ఈ రోజుల్లో కంప్యూటర్ నుంచి సరాసరి బట్ట మీదికి వేసే యంత్రాలొచ్చాయి, ఎన్ని రంగులైనా ఫరవాలేదంటారు. అయినా సరే, మూడు రంగుల్లో ఆలోచించడం వస్తే ముప్ఫయ్యింట్లో ఆలోచించడం వస్తుంది. అటునించి ఇటు రాదు.

రెండోది, బొమ్మని గోడకి ఆనించి పది అడుగులు వెనక్కి నడిచి చూడు. చొక్కాని ఎవరూ దగ్గరికొచ్చి చదవరు, చదివితే వేసుకున్నవాళ్ళు ఇబ్బంది పడతారు. మూడోది, బొమ్మ కింద వివరణ రాయకు. జోకు చెప్పి దాని అర్థం చెప్పినట్టుంటుంది. మార్కులు తక్కువొస్తే మార్కులేసినవాళ్ళతో వాదనకి దిగకు.

దేవుళ్ళ జోలికి మాత్రం పోవద్దన్నాను. ఇది భయంతో చెప్పింది కాదు. వినాయకుడి బొమ్మ గీసి పంపితే ఇక్కడివాళ్ళు మోజుగా కొంటారు. వాళ్ళు దాన్ని వేసుకుని పరుగెత్తుతారు, చెమట పడతారు, మురికి సాక్సులతో కలిపి వాషింగ్ మెషీన్లో వేస్తారు. వాళ్ళ తప్పేమీ లేదు, చొక్కా ఉన్నదే అందుకు. గీసేటప్పుడే ఆ మెషీను కూడా కళ్ళ ముందు కనపడాలి. కనపడ్డాక కూడా గీస్తానంటే నీ ఇష్టం.

అంతవరకూ బాగానే నడిచింది. అప్పుడు వాడు ఫోను తీసి బొమ్మ చూపించాడు.

నెమలి. కలంకారీ నెమలి. మెడ వెనక్కి తిప్పి తోకలోకి చూసుకుంటోంది, చుట్టూ తీగలూ మొగ్గలూ. ఒక్క క్షణం నాకు మాట రాలేదు. బాగుంది కాబట్టి కాదు. బాగానే ఉంది. నేను గెలిచిన బొమ్మ కూడా కలంకారీ నెమలే. ఇంచుమించు ఇలాగే మెడ తిప్పి చూసేది.

"ఎంతసేపు పట్టింది?" అన్నాను.

"గీయలేదంకుల్. ఏఐకి చెప్పాను. కలంకారీ స్టైల్లో నెమలి కావాలన్నాను. నలభైసార్లు మార్చి మార్చి అడిగితే ఇదొచ్చింది."

పోటీ నియమాలు చదివావా అంటే చదివానన్నాడు. చివర్లో ఒక చిన్న గడి ఉంటుంది, ఇది పూర్తిగా నా సొంత పని అని అందులో టిక్కు పెట్టాలి. ఆ గడి దగ్గరే కొంచెం అనుమానంగా ఉందంకుల్, అందుకే మిమ్మల్ని అడుగుతున్నా అన్నాడు. తెలివైనవాడు. పూర్తిగా యంత్రం చేసిన బొమ్మకి కాపీరైటు రాదని 2023లో వాషింగ్టన్ కోర్టు చెప్పిన సంగతీ, 2025లో పై కోర్టు దాన్నే ఖాయం చేసిన సంగతీ నాకన్నా ముందే తెలుసు వాడికి. చట్టం సంగతి తెలిసి కూడా ఇంకేదో అడుగుతున్నాడు. దానికి జవాబు చెప్పే అర్హత నాకుందా అన్నది నా ఇబ్బంది. ఆ గడిలో నేనూ ఒకసారి టిక్కు పెట్టాను మరి.

మాది బందరు. మచిలీపట్నం అంటే ఎక్కువమందికి తెలుస్తుందేమో. నా చిన్నప్పుడు కొన్నేళ్ళు పక్కనే పెడనలో ఉన్నాం. మా ఇంటి వెనక వాటాలో ఒకాయన అద్దకానికి చెక్క అచ్చులు చెక్కేవాడు. చుట్టరికమేమీ లేదు, ఆ ఊళ్ళో పిలుచుకునే పద్ధతిలో నాకు మావయ్య, ఆయనకి నేను అల్లుణ్ణి. బడి నించి రాగానే ఆయన గుమ్మంలో చతికిలబడేవాణ్ణి. టేకు చెక్క నున్నగా చేసి, దాని మీద బొమ్మ దించి, ఉలితో సన్నగా తొలిచేవాడు. గీతలకొక అచ్చు, ఎరుపు నింపడానికొకటి, ఇంకో రంగుకి ఇంకోటి. అచ్చు మూలల్లో చిన్న గుర్తులుండేవి, రెండో అచ్చు మొదటిదాని మీద సరిగ్గా కూర్చోవడానికి. పక్క షెడ్డులో బట్టని కరక్కాయ నీళ్ళల్లో ముంచి ఆరేసేవాళ్ళు. నలుపు కోసం ఇనుప తుక్కు బెల్లం నీళ్ళలో రోజుల తరబడి నానేది. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. కొందరికి చిన్నతనం అంటే మల్లెపూలు, నాకు తుప్పూ బెల్లమూ.

నా పెళ్ళికి ఆయన ఒక దుప్పటి ఇచ్చాడు. ఆ దుప్పటి అంచులో ఈ నెమలి ఉంది. అమెరికా వచ్చేటప్పుడు మా అమ్మ సూట్‌కేసులో పెట్టింది. 2006లో, ప్రాజెక్టు లేక బెంచి మీద కూర్చున్న రోజుల్లో, ఈ పోటీ సంగతి తెలిసింది. ఒక రాత్రి దుప్పటి అంచుని స్కానరు మీద పరిచి, కంప్యూటర్లో దాని మీద గీత మీద గీత గీశాను. తోక కొంచెం పొడుగు చేశాను, పక్క తీగలు తీసేశాను. నాలుగు రంగుల్ని మూడు చేశాను. గోధుమరంగు చొక్కా. కింద నా పేరు. గడిలో టిక్కు. అప్పుడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఎందుకాలోచించాలి? మా ఊరిది, మా ఇంటిది, నా పెళ్ళి దుప్పటిది.

తరవాత ఓట్లు. ఇది కూడా చెప్పుకోవాలి. నా ఈమెయిల్ లిస్టులో 140 మంది తెలుగువాళ్ళుండేవారు. అందరికీ రాశాను, మనవాడి డిజైను పోటీలో ఉంది, దయచేసి అయిదు వేయండి అని. అయిదు తప్ప ఇంకో అంకె ఉన్నట్టు కూడా చెప్పలేదు. వేశారు పాపం. ఒకావిడ ఫోన్ చేసి, "వేశానండీ, గరుత్మంతుడు చాలా బాగున్నాడు" అంది. బొమ్మ చూడకుండా వేసినవాళ్ళే ఎక్కువ. వారం తిరిగేసరికి గెలిచాను. 750 డాలర్లు, ఆరు చొక్కాలు. వాటిలో ఒకటి ఫ్రేము కట్టించాను.

ఓట్ల సంగతి చాలామందికి తప్పనిపించదు. మన సంఘాల ఎన్నికల్లో అంతకన్నా ఏం చేస్తున్నాం అనొచ్చు. కాని ఆ పోటీలో మిగతావాళ్ళు ఒక నమ్మకం మీద వచ్చారు. నా బొమ్మని నేనెవరో తెలియనివాళ్ళు చూస్తారు, చూసి చెబుతారు అని. ఓమహా నించో ఒసాకా నించో ఒక పిల్ల రాత్రంతా కూర్చుని గీసి పంపి, తెల్లారి మార్కులు చూసుకుంటుంది. ఆ పిల్లకి కావలసింది అపరిచితుల కళ్ళు. నేను నూటనలభై జతల కళ్ళు మూయించి వాటి చేత ఓటు వేయించాను. ఆ పిల్ల ఎవరో నాకు తెలియదు, ఉందో లేదో కూడా తెలియదు. నాకు రెండోస్థానంలో ఎవరో ఒకరు మాత్రం ఉండే ఉంటారు కదా.

2008లో ఇండియా వెళ్ళినప్పుడు ఒక చొక్కా తీసుకుని పెడన వెళ్ళాను. మావయ్య సంతోషిస్తాడని నా ఉద్దేశం. నిజంగానే సంతోషించాడు. "అల్లుడు మన నెమలిని అమెరికా తోలాడే!" అని నవ్వాడు. చొక్కా తిరగేసి, లోపలి వైపు చూసి, బొటనవేలితో రంగు గీకి చూశాడు. "ఎన్ని అచ్చులు పట్టినై?" అన్నాడు. మూడన్నాను. "నాకు నాలుగు పట్టినై. నువ్వే నయం," అన్నాడు. స్క్రీను ఎట్లా చేస్తారు, రంగు ఎందుకు కారదు, ఉతికితే ఎన్నాళ్ళుంటుంది, అన్నీ అడిగాడు.

తరవాత చొక్కాని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, కళ్ళజోడు పైకి జరిపి, తోక మొదట్లో ఒకచోట వేలు పెట్టాడు. "ఇక్కడ గీత తెగింది చూశావా?"

చూశాను. తోక ఈకల్లో ఒకదాని గీత మధ్యలో ఒక బియ్యపు గింజంత ఖాళీ. పోటీలో దాన్ని మెచ్చుకుంటూ ఇద్దరు ముగ్గురు రాశారు కూడా, చేత్తో గీసిన జీవం ఆ విరుపులోనే ఉందని. నేను వాళ్ళకి థాంక్స్ చెప్పాను.

"అది గీత కాదురా అల్లుడూ. అచ్చు పెచ్చు ఊడింది. ఆ ఏడు వానలకి చెక్క పగిలి అక్కడ పెచ్చు లేచిపోయింది. నీ పెళ్ళికి టైము లేక ఆ అచ్చుతోనే కొట్టించాను. అప్పట్నించీ మనసులో పీకుతానే ఉంది. నువ్వు దాన్ని కూడా దింపేశావా!"

కోపంగా అనలేదు. ఆయనకదొక తమాషాగా ఉంది. లోపలికి కేకేసి భార్యకి కూడా చూపించాడు. ఆవిడ కాఫీ ఇచ్చింది. నేను తాగాను. ఆ కాఫీ రుచి నాకు గుర్తులేదు.

జేబులో 200 డాలర్ల కవరు పెట్టుకుని వెళ్ళాను. ఇవ్వడానికి చేతులు రాలేదు. ఇస్తే ఎందుకిస్తున్నానో చెప్పాలి, చెబితే ఒప్పుకున్నట్టు. బదులు, అడిగిన ధరకి ఎనిమిది దుప్పట్లు కొన్నాను. బేరమాడలేదు. ఆయన "అమెరికా వెళ్ళి బేరం మర్చిపోయావు" అన్నాడు. ఇంటికొచ్చి నా పేరు పక్కన ఆయన పేరు చేర్చమని ఆ పోటీవాళ్ళకి రాద్దామనుకున్నాను. ఇవాళ రేపని గడిపాను. వాళ్ళు దుకాణం ఎత్తేశారు. 2019లో ఆయన పోయాడు. కొడుకు విజయవాడలో ఫోన్లు బాగుచేసే షాపు పెట్టుకున్నాడు. ఇప్పుడు నేను ఎవరికి రాసి ఏం మార్పించాలి?

ఈ సంగతి చెప్పినప్పుడు స్నేహితులు నన్ను ఓదారుస్తారు. మామూలుగా మూడు రకాల ఓదార్పులు వింటుంటాను. కలంకారీ నమూనాలు ఏ ఒక్కడివీ కావు, అందరివీ అంటారు. చట్టం లెక్కన అది నిజమే. శ్రీకాళహస్తి కలంకారీకీ, మచిలీపట్నం కలంకారీకీ భౌగోళిక సూచిక ఉంది గాని, అది ఆ పేరుని కాపాడుతుంది, నెమలి మెడ వంపుని కాదు. ఆ వంపు ఎవరైనా వాడుకోవచ్చు. కాని అందరిదీ అన్నది ఆఖరికి ఎవరి పేరు మీదికి పోతుందో చూడండి. మామిడి పిందె నమూనా ఉంది, మన పట్టుచీరల నిండా అదే. కాశ్మీరు శాలువల మీది ఆ పిందెని స్కాట్లండులో పేజ్లీ అనే ఊరి మగ్గాలవాళ్ళు పందొమ్మిదో శతాబ్దంలో తెగ నేసి అమ్మారు. ఇవాళ లోకమంతా దాన్ని పేజ్లీ అంటుంది. మా అమ్మాయి కూడా ఒకసారి వాళ్ళ అమ్మమ్మ చీర చూసి, "నానమ్మకీ ఇలాంటి పేజ్లీ చీరే ఉంది కదా" అంది. పేరు లేని వస్తువు పేరున్నవాడి ఇంటికి నడిచి వెళ్ళిపోతుంది. నా నెమలి కూడా అలాగే నా ఇంటికొచ్చింది.

ఇక రెండోది, ఎవరు కాపీ కొట్టలేదు అంటారు. మావయ్య మాత్రం ఎక్కడ నేర్చుకున్నాడు? ఆయన నెమలి వాళ్ళ నాన్న నెమలి. బందరు అద్దకంలో ఆ తీగలూ పూలూ గోల్కొండ నవాబుల కాలంలో పర్షియా వాళ్ళ అభిరుచికి తగ్గట్టు వచ్చినవే. తరవాత తెల్లవాళ్ళొచ్చారు. ఇంగ్లీషువాళ్ళు 1611లోనే బందరులో వర్తకం పెట్టారు. 1643లో లండన్ నించి కంపెనీ డైరెక్టర్లు ఇండియాలో తమవాళ్ళకి రాసిన ఉత్తరం ఒకటుంది. రంగుల దుప్పట్లకి ఎర్ర నేల ఇక్కడివాళ్ళకి అంతగా నచ్చడం లేదు, ఇకమీదట తెల్లనేల ఎక్కువుండేట్టు, పువ్వులూ కొమ్మలూ రంగుల్లో మధ్యన వచ్చేట్టు చేయించి పంపండి అని దాని సారాంశం. అంటే ముక్కూ మొహం తెలియనివాళ్ళు మార్కులేయడం, ఆ మార్కులు చూసి ఇక్కడ చెయ్యి మారడం, ఇదేమీ 2000లో చికాగోలో పుట్టింది కాదు. ఆ బట్టలు మరీ బాగా అమ్ముడుపోయి, ఫ్రాన్సువాళ్ళు 1686లో, ఇంగ్లండువాళ్ళు 1700లోనూ మళ్ళీ 1721లోనూ నిషేధాలు పెట్టుకోవలసి వచ్చింది. ఈలోగా ఆ నమూనాల్ని తామే అచ్చు కొట్టడం నేర్చుకున్నారు కూడా.

కాబట్టి నిజమే, ఏ గీతా ఎక్కడా శుద్ధంగా పుట్టలేదు. ఈ వాదనతో నేను చాలా ఏళ్ళు హాయిగా నిద్రపోయాను. కాని కిటికీ దగ్గర మావయ్య వేలు గుర్తొస్తే వాదన ఆగిపోతుంది. ఆయన వాళ్ళ నాన్న నించి తీసుకున్న దానికీ నేను ఆయన దగ్గర తీసుకున్న దానికీ ఒక తేడా ఉంది. వాళ్ళ నాన్న నెమలిలో ఏది కావాలని వేసిన గీతో, ఏది చెక్క పగిలితే వచ్చిన ఖాళీయో ఆయనకి తెలుసు. తెలుసు కాబట్టే ఒకదాన్ని ఉంచి ఇంకోదాన్ని దిద్దగలడు. తప్పొస్తే పదేళ్ళయినా మనసులో పీకుతుంది. నాకు గీతకీ పెచ్చుకీ తేడా తెలియలేదు. పెచ్చుని కూడా భక్తిగా దించి, దానికొచ్చిన మెప్పు కూడా పుచ్చుకున్నాను. గీతకీ పెచ్చుకీ తేడా తెలియని దశలో ఉన్నవాడు ఎంత అందంగా దించినా, ఆ గీత ఇంకా వాడిది కాదు. నేర్చుకుంటున్నానని చెప్పుకోవచ్చు, ఫలానావారి అచ్చు నించి అని రాయొచ్చు. సొంత పని అని టిక్కు పెట్టడానికి వీల్లేదు.

మూడో ఓదార్పు మనబోటి వాళ్ళకి బాగా ఇష్టమైనది. నీది బందరే కదా, నీది కాకపోతే ఇంకెవరిది అంటారు. ఇక్కడ ఏ తెల్లమ్మాయో కలంకారీ బొమ్మ చొక్కా మీద వేస్తే మనం ఈమెయిళ్ళ మీద ఈమెయిళ్ళు రాస్తాం, మన సంస్కృతిని దోచుకున్నారని. అదే పని మనం చేస్తే సంస్కృతిని కాపాడుతున్నామంటాం. బందరులో పుట్టడం వల్ల నాకు ఆ నెమలి మీద ప్రేమ వచ్చింది. ఆ వాసన గుర్తుండిపోయింది. ఉలి పట్టడం మాత్రం రాలేదు. నిజానికి పుట్టుక వల్ల నా బాధ్యత పెరగాలి. ఆ తెల్లమ్మాయికి మావయ్య ఎవరో తెలియదు. నాకు ఆయన ఇంటి గుమ్మం తెలుసు, వీధి తెలుసు, పిలిస్తే పలికేవాడు. అడగకపోవడానికి ఆ అమ్మాయికున్న సాకు కూడా నాకు లేదు. అడిగితే కాదనేవాడా? తప్పకుండా ఒప్పుకునేవాడు, పెచ్చు దిద్ది కొత్త అచ్చు చెక్కి కాగితం మీద కొట్టి పంపేవాడు కూడా. అడగడానికి ఒక ఫోన్ కాలు, అప్పట్లో కార్డు కొనుక్కుంటే అయిదు డాలర్లు.

ఇదంతా బేస్‌మెంట్‌లో కుర్రాడికి ఇంత వరసగా చెప్పలేదు. సగం చెప్పాను. వాడు శ్రద్ధగా విని, పులిహోర ముగించి, ఒక మాటన్నాడు.

"అంకుల్, మీరు స్కానర్ వాడారు. నేను ఇది వాడాను. తేడా ఏముంది? నాకైతే మావయ్య ఎవరో కూడా తెలియదు. ఎవర్నడగను?"

బాగా తగిలింది. నిజానికి వాడి పరిస్థితి నాకన్నా నయం, ఒక విధంగా నాకన్నా అన్యాయం. నేను ఒక్క మావయ్య దగ్గర తీసుకున్నాను. ఆ యంత్రం ఎంతమంది మావయ్యల దగ్గర తీసుకుందో ఎవరికీ తెలియదు, ఎవరికీ కాఫీ బాకీ కూడా లేదు. ఆ నెమలిని పెద్దది చేసి చూపించమన్నాను. కాళ్ళ దగ్గరికెళ్ళాం. ఒక కాలికి మూడు వేళ్ళు, ఇంకో కాలికి నాలుగున్నర. మొగ్గలోంచి తీగ బయల్దేరి, ఎక్కడికీ చేరకుండా ఈకలో కలిసిపోయింది.

"ఇది తప్పా, కావాలని వేసిందా?" అని అడిగాను.

వాడు చాలాసేపు చూశాడు. "తెలియదు," అన్నాడు. నాకూ తెలియలేదు.

ఏఐ వాడొద్దని నేను వాడికి చెప్పలేదు. స్కానరుతో గెలిచినవాడు ఆ మాట ఏ మొహం పెట్టుకుని చెబుతాడు? తప్పేదో ఒప్పేదో నువ్వు చెప్పగలిగిన బొమ్మ ఒకటి గీయి, నెమలే కానక్కర్లేదు, రంగులు మూడు దాటొద్దు అన్నాను. వాడు మొహం చిన్నబుచ్చుకుని, సరే అని వాళ్ళమ్మ పిలిస్తే ప్లేట్లు తీయడానికి వెళ్ళిపోయాడు. వాణ్ణి ఈ లోకం నించి తరిమేశానేమో అని తిరిగొచ్చేటప్పుడు కార్లో మా ఆవిడతో అన్నాను. "మీరు సలహా ఇస్తే ఎవరైనా పారిపోతారు" అంది.

నవంబరులో ఒక లింకు పంపాడు. బొమ్మలో ఒక ముసలావిడ వెనక నించి కనిపిస్తుంది. నేత చీర, దాని మీద మోకాళ్ళ దాకా మనవడి పాత పార్కా కోటు, కాళ్ళకి పరుగుపందెం బూట్లు. మంచులో నడిచి వెళుతోంది, వెనక అడుగుల గుర్తులు. అడుగుల్లో ఒకటి మాత్రం చెప్పులేని పాదం. రెండు రంగులే. తెలుపు అసలు వాడలేదు, మంచంతా చొక్కా తెలుపే. వాళ్ళ నానమ్మ. ఇండియా నించి వచ్చి ఆర్నెల్లుండి వెళ్ళింది, నాకూ తెలుసు ఆవిడ.

కింద ఒక్క ముక్క రాశాడు: అంకుల్, ఎవరికీ ఈమెయిలు పంపలేదు, మీకొక్కరికే.

వారం రోజులకి ఫోన్ చేశాడు. ఎంపిక కాలేదు. 2.4 వచ్చింది. గొంతులో నీరసం తెలుస్తూనే ఉంది. తరవాత కాసేపాగి, "మీరు ఓటేశారా?" అన్నాడు.

"వేశాను."

"ఎంత?"

"మూడు."

అవతల కొంచెంసేపు నిశ్శబ్దం. "మూడేనా? ఎందుకు?"

"ఎడమ బూటు కుడి కాలికి వేశావు. అది కావాలని వేశావా, పొరపాటా?"

"అయ్యో," అన్నాడు. తెలుగులోనే అన్నాడు. ఫోన్ పక్కన పెట్టి కాగితాలు తీస్తున్న చప్పుడు వినిపించింది.